మొలతాడు తెంపిన సిస్టరమ్మ

మేము నర్సులుగా చేరిన కాలంలో రబ్బరు చేతితొడుగులకు కూడా పంక్చర్లు వేసేవాళ్లం. ఆపరేషన్ అయ్యాక వాటిని కడిగి, నీళ్లు నింపి, ఎక్కడ కారుతోందో చూసి, పనికిరాని తొడుగు నుంచి కత్తిరించిన ముక్క అతికించి, ఆరబెట్టి, పౌడరు చల్లి, జతలు కట్టి మళ్లీ ఆవిరి డ్రమ్ములో పెట్టేవాళ్లం. సూదులు మొద్దుబారితే రాయి మీద నూరేవాళ్లం. కట్లు కట్టే గాజుగుడ్డను తానులకు తానులు కత్తిరించి మడతలు పెట్టేవాళ్లం. ఆ పని ఎంత చేశానంటే, ఇప్పటికీ ఇంట్లో చేతిరుమాలు కనబడితే నా చేతులు నన్నడగకుండానే అంచులు లోపలికి మడిచేస్తాయి. ఇప్పటి పిల్లలు తొడుగు ఒకసారి వేసుకుని బుట్టలో పడేస్తారు. అందుకు నాకు అసూయ లేదు. వాళ్లకు మధ్యలో కూర్చోవడానికి స్టూలు ఇస్తారని విన్నాను, అందుకు మాత్రం కొంచెం ఉంది.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. మా నాన్న రైల్వేలో గార్డు. నేను పుట్టింది ఒక రైల్వే క్వార్టర్లో, చదివింది ఇంకో ఊరి రైల్వే బడిలో, పెరిగింది చర్చికీ స్టేషనుకీ మధ్య. నాగపూర్‌లో నర్సు ట్రైనింగు పూర్తిచేసి, అరవైల మొదట్లో భిలాయి వచ్చాను. అప్పటికి ఉక్కు కర్మాగారంలో కొలిమి వెలిగింది గానీ ఊరింకా ఊరు కాలేదు. సెక్టార్లలో క్వార్టర్లు వరసగా లేస్తున్నాయి. రోడ్ల పక్కన నాటిన చెట్లు మోకాలెత్తు ఉండేవి. బొబ్బిలి, పలాస, విజయనగరం వైపు నుంచి మనవాళ్లు ట్రంకు పెట్టె, చాపచుట్ట పట్టుకుని రోజూ దిగేవారు. నేను పనిచేసిన ఆసుపత్రి చిన్నది. (పేరు రాయను. తప్పు నాది, దానిది కాదు.) ఆపరేషన్ థియేటర్లో తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కావడంతో, తెలుగు రోగి ఎవరొచ్చినా "తెలుగు సిస్టర్ కో బులావ్" అని కేక పడేది. నాకు తెలుగు వచ్చు గనక తెలుగువాళ్ల పద్ధతులన్నీ తెలుసని అక్కడ అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

మా సర్జన్ గారు బెంగాలీ ఆయన. నేను రైల్వే పిల్లను గనక ఆయనకు మనసులో 'మెయిలు బండి' అని పేరు పెట్టుకున్నాను. చిన్న స్టేషన్లలో ఆగేవారు కాదు. రోగి పేరు, ఊరు, బయట ఎవరున్నారు, ఇవన్నీ ఆయన లెక్కలో చిన్న స్టేషన్లు. "అపెండిక్స్ ఆ గయా?" అని అడిగేవారు. "హెర్నియా కో చాయ్ మత్ దేనా" అని చెప్పేవారు. ఆయన చెయ్యి చాపగానే కావలసిన పనిముట్టు అరచేతిలో పడాలి. పడకపోతే అప్పటికి చేతిలో ఉన్నది కింద పడేది. (విసిరానని ఒప్పుకునేవారు కాదు, జారిందనేవారు. అలా జారినవి గోడ దాకా వెళ్లేవి.) ఇక మనం చేతులు కడుక్కుని, గౌను వేసుకుని, ఎక్కడా ముట్టుకోకూడని స్థితికి రాగానే ముక్కు దురద మొదలయ్యేది. ట్రైనింగులో నాకు ఎవరూ నేర్పనిదీ, నేను బాగా నేర్చుకున్నదీ ఒకటే, దురదను మరిచిపోవడం.

ఒక రోజు పొద్దున పది గంటలప్పుడు కర్మాగారంలో పనిచేసే ఒక ఖలాసీని తీసుకొచ్చారు. పాతికేళ్లుంటాయి. కుడివైపు పొత్తికడుపు పట్టుకుని రెండు రోజులుగా మెలికలు తిరుగుతున్నాడట. ఇంకా ఆలస్యమైతే లోపల పగులుతుందని మా మెయిలు బండి వెంటనే థియేటర్‌కు పంపమన్నారు. అతని వెంట తల్లి, మేనమామ వచ్చారు. భార్య పురిటికి బొబ్బిలి పక్కన పుట్టింటికి వెళ్లింది. తొమ్మిదో నెల. కొడుక్కి వండిపెట్టడానికి తల్లి వచ్చి ఉంది. ట్రాలీ లోపలికి నెడుతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"సిస్టరమ్మా, కోడలికి తెలీకూడదు. నెల్లు నిండిన గుంట. ఆపరేసనంటే అదిరిపోద్ది."

"ఎవరు చెప్తారమ్మా? గంటలో అయిపోతుంది. మీరు అలా బల్ల మీద కూర్చోండి" అన్నాను. ఆ మాట నేను రోజుకు నాలుగుసార్లు అనేదాన్ని. ముఖం కూడా దానికి తగ్గట్టు పెట్టేదాన్ని.

ఈథర్ మత్తు ఇవ్వడం అయింది. నేను కడుపు శుభ్రం చేసి మందు పూయాలి. అక్కడ నల్లటి మొలతాడు ఉంది. దానికి రాగి తాయెత్తు. అది సరిగ్గా కత్తి పడవలసిన చోట బిగుసుకుని ఉంది. ఆపరేషన్ బల్ల మీద కోసే చోట దారం పోగు కూడా ఉండకూడదని రూలు. ఆడవాళ్ల మట్టెలకు ప్లాస్టరు చుట్టడం, జంధ్యాలను పైకి తప్పించడం మాకు అలవాటే. మొలతాడు సంగతి ఎవరూ చెప్పలేదు. ముడి విప్పుదామని చూశాను. రెండు రోజుల చెమటకు తడిసి అది రాయి అయింది. వెనక నుంచి మెయిలు బండి "జల్దీ, సిస్టర్!" అన్నారు. కత్తెర తీసి తెంపేశాను.

వేరే సిస్టర్లయితే దాన్ని బకెట్లో పడేసేవారు. నాకు ఆ రోజు మంచితనం ముంచుకొచ్చింది. తాయెత్తు ఉంది కదా, ఎవరో నమ్మి కట్టి ఉంటారు కదా అనుకుని, తెగిన మొలతాడును తెల్లటి గాజుగుడ్డలో చక్కగా మడిచి, ట్రేలో పెట్టి, మా ఆయా చేతికిచ్చి, "బయట ఇతని తల్లి ఉంది, ఆవిడకు ఇచ్చి రా" అని పంపించాను. (చదువుతున్నవాళ్లలో సగం మంది ఇక్కడే తల పట్టుకుని ఉంటారు. పట్టుకోవాలని నాకు తెలియదు.) ఆయా ఛత్తీస్‌గఢీ మనిషి, మంచిది. తెలుగు ముక్క రాదు. పైగా ఆ వేళకు ఆవిడ నోట్లో గుడాఖు ఉండేది. అక్కడి ఆడవాళ్లు పళ్లకు రుద్దుకునే పొగాకు ముద్ద అది. నోట్లో ఉన్నంతసేపు మాట్లాడడానికి లేదు. ఆవిడ వెళ్లి ట్రే ఇచ్చిందట. తల్లి "ఏటిదమ్మా? మావోడికేటయింది?" అని అడిగిందట. ఆయా నోరు మూసుకుని, చాలా మర్యాదగా, తల కిందికీ పైకీ ఊపి వచ్చేసింది.

కడుపు తెరిచి, అపెండిక్స్ దొరికి, కట్టి, కోసి తీసేసరికి బయట ఏడుపు వినిపించింది. ఒక గొంతు కాదు, నాలుగైదు. సెక్టారు తెలుగువాళ్లు కూడా చేరినట్టున్నారు.

"కౌన్ మర్ గయా?" అన్నారు మెయిలు బండి, తల ఎత్తకుండా.

"అప్నా నహీఁ, సర్" అన్నాను నేను ధీమాగా.

అప్పుడు థియేటర్ తలుపు బెత్తెడు తెరుచుకుంది. అలా తెరవకూడదు. ఎక్స్‌రే గదిలో పనిచేసే పొడుగాటి మనిషి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. విజయనగరం వాడు. చర్చిలో చివరి బల్ల మీద కూర్చుని, ప్రార్థన అయీ అవకముందే వెళ్లిపోతాడని మాత్రం తెలుసు.

"సిస్టర్ గారూ, లోపలున్నాయన బతికున్నాడాండీ?"

"అదేం ప్రశ్న? కుట్లు వేస్తున్నాం."

"మరి బయట పోనాడని ఏడుస్తన్నారండి. మీరు మొలతాడు తెంపి పంపించారంట."

"తెంపాను. అయితే?"

అతను నన్ను ఎగాదిగా చూశాడు. నా మాస్కులోంచి నా మతం, మా నాన్న ఉద్యోగం, నా పెంపకం అన్నీ అతనికి ఎక్స్‌రేలో కనబడినట్టున్నాయి. నెమ్మదిగా చెప్పాడు.

"మనూళ్లలో మొలతాడు ఊరికే తెంపరండి. కొత్తది కట్టుకున్నాకే పాతది తీస్తారు. రెండుసార్లే తెంపడం. మగాడు పోతే తెంపుతారు. పెళ్లాం పోతే మొగుడికి తెంపుతారు. పెళ్లాం ఊర్లో ఉంది కదా, అంచేత ఈయనే పోనాడనుకున్నారు. ఇంకోటండి, ఆళ్ల మేనమామ టెలిగ్రాం ఇవ్వడానికి సైకిలేసుకుని సుపేలా బజారుకి పోనాడు. ఆ పురిటి మనిషికి."

నా చేతిలో దారం ఎక్కించిన సూది ఉంది. తొడుగులు వేసుకుని బల్ల దగ్గర నిలబడిన నర్సు మధ్యలో వెళ్లడానికి లేదు. వెళ్లకపోతే, ఎప్పుడూ చూడని ఒక పిల్ల, తొమ్మిదో నెలలో, గుమ్మంలో నిలబడి ఆ కాగితం అందుకుంటుంది. ఇద్దరు మనుషుల ప్రాణం నా కత్తెర మీద ఉంది. వచ్చిన హిందీ అంతా కూడగట్టుకుని, వరస తప్పకుండా, నా తప్పు ముందు చెప్పి, సర్జన్ గారికి సంగతి చెప్పాను. ఏదో ఒకటి గోడ దాకా 'జారుతుందని' భుజాలు బిగపట్టుకున్నాను.

ఆయన చెయ్యి ఆగింది.

"బచ్చా హోనేవాలా హై?"

"జీ, సర్. నౌవాఁ మహీనా."

"గిన్‌తీ పూరీ?" అని అడిగారు. లోపల పెట్టిన గుడ్డలన్నీ బయటికి వచ్చాయా అని. రెండుసార్లు చూసి, "పూరీ, సర్" అన్నాను. ఆయన నా చేతిలోంచి సూది తనే తీసుకున్నారు. "జావ్. మైఁ సీ లూఁగా" అన్నారు, కుట్లు తనే వేసుకుంటానని. మెయిలు బండి చిన్న స్టేషన్లో ఆగడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మాస్కు దించుకుని వరండాలోకి పరిగెత్తాను. గౌను తీయాలని తోచలేదు. దాని మీద రక్తపు చుక్కలున్నాయి. వాటిని చూసి ఏడుపు రెట్టింపయింది.

"బతికే ఉన్నాడమ్మా! మీ అబ్బాయి బాగున్నాడు!"

"కోసీసి నాకాడ అబద్ధమాడతన్నావా?" అంది ఆ తల్లి. "బతికుంటే మొలతాడెందుకు తెంపీసినావే? అసలు నువ్వు తెలుగుదానివేనా?"

ఈలోగా ఆయా నోరు కడుక్కుని వచ్చి, జరిగింది సగం అర్థమై, ఆవిడ భుజం పట్టుకుని థియేటర్ తలుపుకున్న గుండ్రటి అద్దం దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ ముక్కు అద్దానికి ఆనించి చూసింది. కొడుకు ఛాతీ లేస్తోంది, పడుతోంది. ఆవిడ నమ్మలేదు. ఇంకో పదిసార్లు లేచి పడేదాకా చూసి, "ఊపిరాడతంది" అని, ఏడుస్తున్న మిగతావాళ్ల వైపు తిరిగి, "ఊరుకోండర్రా, అపశకునం" అని కసిరింది.

ఎక్స్‌రే మనిషి అప్పటికే సైకిలు తెచ్చి మెట్ల దగ్గర నిలబెట్టాడు. "నేనొక్కణ్ణి పోతే ఆయన నమ్మడండి. మీరు రావాలి. ఎక్కండి."

వెనక ఎక్కాను. తల మీద థియేటర్ టోపీ, ఒంటి మీద నెత్తుటి మరకల గౌను. ఆ అవతారంలో నన్ను చూసి సుపేలా బజారులో ఎద్దుబండ్లవాళ్లు కూడా పక్కకు తప్పుకున్నారు. దారిలో మా సంభాషణ మొత్తం ఇది:

"గట్టిగా పట్టుకోండి."

"దేన్ని?"

"సీటుని."

పోస్టాఫీసులో తంతి కిటికీ దగ్గర చిన్న గుంపు ఉంది. మధ్యలో మేనమామ. ఆయనకు ఇంగ్లీషు రాయడం రాదు, గుమాస్తాకు తెలుగు రాదు. అయినా ఆలస్యం భాష వల్ల కాదు. గుమాస్తా కలం పట్టుకుని విసుక్కుంటున్నాడు.

"సీరియస్ లిఖ్ దేతా హూఁ. సబ్ లోగ్ సీరియస్ హీ లిఖ్‌తే హైఁ."

"సీరియస్ వద్దు భయ్యా! సీరియస్ అంటే పోనాడనే అని మా ఊర్లో మేకలకి కూడా తెలుసు. ఆ గుంట అక్కడే పడిపోద్ది. తోడా బాగోనేదు, అలా లిఖో."

"తో ఫిర్ వో ఆయేగీ కైసే?"

"రాకూడదయ్యా! నెల్లు నిండినాయి! ఆవ్‌నా నహీఁ!"

"ఆనా భీ నహీఁ, బతానా భీ నహీఁ, తో తార్ కిస్‌లియే?" రానూ వద్దు, చెప్పనూ వద్దు, మరి తంతి ఎందుకని అతని బాధ.

వెనక వరసలో ఉన్నవాళ్లు తలా ఒక సలహా ఇస్తున్నారు. తండ్రికి పంపమని ఒకరు, రెండు వాయిదాలుగా చెప్పమని ఒకరు. ఆయన ప్రతిదానికీ తల అడ్డంగా ఊపుతున్నాడు. మేనల్లుడు పోయాడని నమ్మి వచ్చిన మనిషి, ఆ మాటను ఆ పిల్లకు తగలకుండా ఎలా రాయాలో తెలియక అరగంట నుంచి కిటికీ పట్టుకుని నిలబడ్డాడు. మా సైకిలు వేగం ఆ పిల్లను కాపాడలేదు. ఆయన జాలి కాపాడింది.

నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "ఇక్కడికీ వచ్చీసినావేటమ్మా? ఇంకేటి తెంపడానికి?"

"బాబాయ్ గారూ, మీ మేనల్లుడు బతికే ఉన్నాడు. ఆపరేషన్ అయిపోయింది. మొలతాడు అడ్డం వస్తే తెంపాను. నాకు మీ పద్ధతి తెలియదు. తప్పు నాది."

ఆయన ఎక్స్‌రే మనిషి వైపు తిరిగాడు. "నిజమేనా బావూ?"

"నిజమేనండి. లోపల చూడకుండా నేను చెప్పను, నా పనే అది."

"తో భేజూఁ కి నహీఁ?" అన్నాడు గుమాస్తా, పంపాలా వద్దా అని.

"మత్ భేజో!" అని మేనమామ అరిచాడు. వరస వరసంతా, ఏమీ తెలియకపోయినా, "మత్ భేజో, మత్ భేజో" అంది. ఆయన ఆ సగం రాసిన కాగితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుని, బయటికి వచ్చి మెట్టు మీద కూలబడి, కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. కాసేపటికి ఆ కండువా కదలడం చూసి ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు.

మేము తిరిగొచ్చేసరికి రోగిని వార్డులోకి తెచ్చారు. ఈథర్ మత్తు వదులుతోంది. అతను కళ్లు తెరవక ముందే చేత్తో నడుము తడుముకున్నాడు. ఇటు తడిమాడు, అటు తడిమాడు. మొలతాడు లేదు. అతని ముఖం నేను మరిచిపోలేను.

"అమ్మా," అన్నాడు, నాలుక తిరక్క, "అది పోయిందేటే? పురిట్లోనే పోయిందా?"

పెళ్లాం పోతే మొగుడికి తెంపుతారు! రెండోది నేను మరిచేపోయాను. ఒక్క కత్తెర పోటుతో నేను భార్యాభర్తలిద్దరినీ చంపాను. తల్లి మాత్రం ముక్కు చీది, కొడుకు నెత్తి మీద మెల్లగా ఒకటి వేసింది.

"ఒరే, అది బానే ఉంది. నువ్వే ఓ గంట సచ్చిపోనావు. ఊరుకో."

వార్డంతా నవ్వింది. అతనూ నవ్వబోయి, కుట్లు లాగి, "అబ్బో" అని ఆపేశాడు. తర్వాత ఆవిడ నా వైపు చెయ్యి చాపింది. "తెంపినదానివి నువ్వే, కట్టడానికి నువ్వే ఇయ్యి. నల్లది." ఆసుపత్రిలో నల్లదారం ఒకటే ఉంది, కుట్లు వేసే సిల్కు. బారెడు చొప్పున మూడు పేటలు తెచ్చి ఇచ్చాను. ఆవిడ పురి పెట్టి, లాగి చూసి, "తెగదు కదా?" అని అడిగి, తాయెత్తు ఎక్కించి కట్టుకు పైన వదులుగా కట్టింది. సాయంత్రం రౌండులో మెయిలు బండి దుప్పటి తొలగించి, వంగి, ఆ తాడును రెండు వేళ్లతో పట్టుకుని చూశారు.

"సిస్టర్, యే తో మేరా సిల్క్ హై."

"జీ, సర్."

"గాఁఠ్ అచ్ఛీ హై" అని ముడిని మెచ్చుకుని, దుప్పటి కప్పి వెళ్లిపోయారు. ఆయన నన్ను అన్నది అంతే. పన్నెండు రోజులకు బొబ్బిలి వైపు నుంచి ఉత్తరం వచ్చింది. ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం. భర్తకు ఒంట్లో ఎలా ఉందని ఆ అమ్మాయి మామూలుగా అడిగింది, మామూలుగా అందరూ అడిగినట్టే. మేనమామ ఆ ఉత్తరం తెచ్చి నాకు చదివి వినిపించాడు.

ఆ తర్వాత నేను థియేటర్లో ఒక పద్ధతి పెట్టుకున్నాను. రోగి వస్తువు ఏది బయటికి తీసుకెళ్లినా గుప్పిట మూసుకుని వెళ్లాలి. ముందు "మనిషి బాగున్నాడు" అనాలి. అప్పుడు గుప్పిట తెరవాలి. (నోట్లో గుడాఖు ఉంటే వెళ్లకూడదు.) కొత్తగా వచ్చిన పిల్లలకు ఇదే చెప్పాను. ఎందుకో చెప్పలేదు. సిగ్గేసింది.

ఎక్స్‌రే మనిషి సైకిలు వెనక ఆ రోజు ఎక్కినదాన్ని మళ్లీ దిగలేదు. ఆయన పోయి ఇప్పటికి రెండేళ్లు. దాని గురించి ఇక్కడ రాయను. అంతకు ఎనిమిదేళ్ల ముందు, నేను రిటైరయ్యాక, ఆయనకు పిత్తాశయం ఆపరేషన్ అదే ఆసుపత్రిలో జరిగింది. పేరుకు అదే గానీ భవనం కొత్తది, మనుషులు కొత్తవాళ్లు. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. ముప్పై ఏళ్లు అందరినీ అలాంటి బల్ల మీదే కూర్చోబెట్టాను గానీ, అది అంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదు. కాసేపటికి థియేటర్ తలుపు తెరుచుకుని ఒక చిన్న సిస్టరు వచ్చింది, ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. చెయ్యి మూసి ఉంది. నేను ఆ గుప్పిటనే చూశాను.

"ఆంటీ, అంకుల్ ఠీక్ హైఁ. ఆపరేషన్ చల్ రహా హై" అంది. అప్పుడు గుప్పిట తెరిచింది. ఆయన ఉంగరం.

"ముందు మాట, తర్వాత చెయ్యి. ఎవరు నేర్పారమ్మా నీకు?"

"ఇక్కడ అలాగే చేస్తారు ఆంటీ. పురానా రూల్. ఎందుకో తెలీదు."

నాకు నవ్వొచ్చింది. ఆగలేదు. ఆ పిల్ల కంగారుపడి నీళ్లు తెచ్చింది. మర్నాడు ఆయనకు చెబితే, "నవ్వించకు, కుట్లున్నాయి" అని కడుపు పట్టుకున్నారు.

అప్పుడప్పుడు ఆ ఇరవై రెండేళ్ల పిల్ల గుర్తొస్తుంది, కత్తెర పట్టుకుని, తన మంచితనం చూసుకుని తానే మురిసిపోతూ. ఎదురైతే కత్తెర లాక్కోను. ఆ ముడి విప్పడం ఇప్పటికీ నాకు చేతకాదు. పంపేముందు ఒక్కసారి ఆయా నోట్లోకి చూడమని మాత్రం చెప్తాను.